డెకాల్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ ముద్రణ: ప్రింటర్ ఎంపికకు ముందు తెలుసుకోవలసినవి

కోల్‌కతా: దుర్గాపూజ సమీపించే కొద్దీ నగరంలో టీషర్టులు, కప్పులు, సంచులపై పేర్లు, బొమ్మలు వేయించుకునేవారి సంఖ్య పెరుగుతుంది. ఈ పనిని ఇంటివద్దనే ప్రారంభించదలచిన చిరువ్యాపారి సాధారణంగా ఏ ప్రింటర్ కొనాలని అడుగుతాడు. అంతకుముందే తేలవలసిన ప్రశ్న, బొమ్మ ఏ వస్తువుపై పడాలన్నది. అది తేల్చుకోకుండా కొన్న యంత్రం పెట్టుబడితో సహా మూలన పడే ప్రమాదం ఉంది.

మూడు ఉపరితలాలు

ఈ ముద్రణలో తరచుగా ఎదురయ్యే వస్త్రం, జనపనార, పింగాణీ మూడింటికీ కోల్‌కతాతో సంబంధం ఉంది. 1856లో ఆంగ్లేయులు అవధ్‌ను కలుపుకొన్న తరువాత నవాబు వాజిద్ అలీ షా స్థిరపడిన మెటియాబ్రుజ్, నేడు రెడీమేడ్ దుస్తులకు పెద్ద కేంద్రం. దేశంలో తొలి జనపనార మిల్లు 1855లో హుగ్లీ తీరాన రిష్రాలో వెలసింది. కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థ 1950 నుంచి జాదవ్‌పూర్‌లో పనిచేస్తోంది. ఈ మూడింటికీ ఒకే ప్రింటర్ సరిపోదు.

సబ్లిమేషన్

ఈ పద్ధతిలో సిరా సుమారు 190 నుంచి 205 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆవిరిగా మారి పాలిస్టర్‌లో కలిసిపోతుంది. అందువల్ల బొమ్మ ఉతుకులకు చెదరదు, చేతికి పొరలా తగలదు. ఫుట్‌బాల్ జెర్సీలకు, పాలిమర్ పూత ఉన్న కప్పులకు ఇది అనువైనది. నూలు వస్త్రంపై మాత్రం నిలవదు. తెల్ల సిరా ఉండదు కనుక ముదురు రంగులపై కనిపించదు. సిరాను వేడిచేసి చిమ్మే థర్మల్ ఇంక్‌జెట్ ప్రింటర్లు దీనికి పనికిరావు. ఎప్సన్ వంటి సంస్థలు వాడే పీజో విధానం అవసరం. సాధారణ ట్యాంకు ప్రింటర్‌లో సబ్లిమేషన్ సిరా పోస్తే, ఆ తరువాత దానిని మామూలు ముద్రణకు వాడడం కష్టం. వారంటీ నిబంధనలను ముందే చదువుకోవాలి.

నూలు, జనపనార

లేతరంగు నూలు వస్త్రాలపై కొద్ది సంఖ్యలో వేయడానికి పిగ్మెంట్ సిరా ఇంక్‌జెట్, ట్రాన్స్‌ఫర్ కాగితం చాలు. డై సిరా నీటికి కారిపోతుంది. ముదురు రంగులకు డీటీఎఫ్ మేలు. ఇందులో ప్లాస్టిక్ ఫిల్ముపై రంగులను, వాటిపై తెల్ల సిరాను అచ్చువేసి, జిగురు పొడి చల్లి కరిగిస్తారు. తెల్ల సిరాలోని టైటానియం డయాక్సైడు అడుగున పేరుకుంటుంది. యంత్రాన్ని రోజూ నడపకపోతే హెడ్ మూసుకుపోతుంది. వారానికి రెండు ఆర్డర్లు వచ్చే దుకాణానికి ఇది భారమే. అటువంటివారు ముద్రించిన ఫిల్మును బయట కొని, హీట్ ప్రెస్ మాత్రమే సమకూర్చుకోవచ్చు. జనపనార సంచుల నేత వదులుగా ఉంటే డీటీఎఫ్ పొర సరిగా అంటదు. ఒకే బొమ్మ వందల సంచులపై పడాలంటే స్క్రీన్ ప్రింటింగే చవక.

వాటర్‌స్లైడ్ డెకాల్స్

నీటిలో నానబెట్టి జార్చి అతికించే డెకాల్స్‌ను ఇంక్‌జెట్‌తోనూ లేజర్‌తోనూ అచ్చువేయవచ్చు. ఇంక్‌జెట్ అచ్చుపై పారదర్శక యాక్రిలిక్ స్ప్రే కొట్టి, ఆరిన తరువాతే నీటిలో ముంచాలి. లేజర్ టోనర్ నీటికి కరగదు కనుక వివరాలు స్పష్టంగా నిలుస్తాయి. ఇంక్‌జెట్ కాగితాన్ని లేజర్ ప్రింటర్‌లో పెడితే పూత కరిగి ఫ్యూజర్‌కు అంటుకుంటుంది, యంత్రం పాడవుతుంది.

కొలిమిలో కాల్చే పింగాణీకి నియమం వేరు. మామూలు రంగుల టోనర్, సిరా ఆ వేడికి కాలిపోతాయి. ఐరన్ ఆక్సైడు ఉన్న నల్ల టోనర్ మాత్రం గోధుమవర్ణపు బొమ్మను మిగుల్చుతుంది. రంగులు నిలవాలంటే పింగాణీ వర్ణకాలతో చేసిన డెకాల్స్ కావాలి. కాల్చని డెకాల్ అలంకరణకే పరిమితం. ఆహారం, పెదవులు తగిలే చోట దానిని అతికించరాదు.

తేమ, అక్షరాలు

వర్షాకాలపు కోల్‌కతా గాలిలోని తేమను కాగితం, జిగురు పొడి రెండూ పీల్చుకుంటాయి. వాటిని గాలి చొరని సంచుల్లో ఉంచాలి. వస్త్రాన్ని కొన్ని క్షణాలు ముందుగా ప్రెస్ చేసి తడి తొలగించాలి. సబ్లిమేషన్‌కు, లేతరంగు వస్త్రాల ట్రాన్స్‌ఫర్లకు బొమ్మను అద్దంలో కనిపించినట్లు తిరగేసి అచ్చువేయాలి. తెలుగు, బెంగాలీ వంటి లిపులలో ఒత్తులు, గుర్తులు విడిపోకుండా అక్షరాలను ముందుగా ఆకృతులుగా మార్చుకోవడం మంచిది.

కొనేముందు దుకాణంలో తమ వస్త్రంపైనే నమూనా వేయించుకుని, నాలుగైదుసార్లు ఉతికి చూడాలి. ప్రింటర్ ధరతో పాటు సిరా, కాగితం, హీట్ ప్రెస్, చెడిపోయే నమూనాల ఖర్చును కూడా కలిపి లెక్కించాలి. ఒక్కొక్క వస్తువుపై మిగిలేదెంతో అప్పుడే తెలుస్తుంది.