పేరు ఒకరిది, పాట ఆరుగురిది



ఇంగ్లీషు రాక్ సంగీతం అనగానే మనలో చాలామంది "అబ్బ, ఆ గోల మనకెందుకమ్మా" అంటారు. గోల సంగతి అలా ఉంచండి. ఒక స్త్రీకి వచ్చిన పేరు ఆమెకూ, తోటివాళ్లకూ ఎన్ని చిక్కులు తెచ్చిందో చెప్పే కథ ఒకటి ఆ గోలలోనే ఉంది. అది మనం వినదగ్గ కథ.

ఆమె పేరు డెబ్బీ హ్యారీ. 1945లో అమెరికాలోని మయామీలో పుట్టింది. మూడు నెలల పసికందుగా ఉండగానే న్యూజెర్సీకి చెందిన హ్యారీ దంపతులు తెచ్చి పెంచుకున్నారు. పెద్దదై న్యూయార్కు చేరి బి.బి.సి. వారి ఆఫీసులో సెక్రటరీగా పనిచేసింది. హోటల్లో వడ్డన కూడా చేసింది. పాడాలన్న కోరిక మాత్రం వదలలేదు. 1974లో క్రిస్ స్టైన్ అనే గిటారు వాద్యకారునితో కలిసి ఒక బృందం కట్టింది.

జుట్టుకు బంగారు రంగు వేసుకుని ఆమె వీధిలో వెళుతుంటే లారీ డ్రైవర్లు "హేయ్, బ్లాండీ!" అని కేకలు వేసేవారట. బ్లాండీ అంటే బంగారు జుట్టు పిల్ల. అటువంటప్పుడు మనమైతే ఏం చేస్తాం? తల వంచుకుని, నడక వేగం పెంచి, ఇంటికి వచ్చేస్తాం. ఆమె ఆ కేకనే తీసుకుని బృందానికి పేరుగా పెట్టేసింది!

1978 సెప్టెంబరులో వాళ్ల మూడో లాంగ్ ప్లే రికార్డు "ప్యారలల్ లైన్స్", అంటే సమాంతర రేఖలు, విడుదలైంది. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. కుర్రకారు రాజ్యమేలే రంగంలో అది ఆలస్యమనే అంటారు. ఆ రికార్డులోని "హార్ట్ ఆఫ్ గ్లాస్" అనే పాట ఆమె, స్టైన్ కలిసి రాసినది. దాని తొలి రూపం 1975లోనే తయారై మూల పడి ఉంది. నిర్మాత మైక్ చాప్‌మన్ దానిని బయటకు తీయించి, తాళం వేసే యంత్రం ఒకటి పెట్టించాడు. డ్రమ్ములు వాయించే క్లెమ్ బర్క్ ఆ యంత్రంతో లయ కలిపి వాయించవలసి వచ్చింది. రాక్ బృందం డిస్కో పాట పాడడమేమిటని పాత మిత్రులే కొందరు ఈసడించారు. అయినా 1979లో ఆ పాట ముందు బ్రిటన్‌లోనూ, తర్వాత అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది.

ఆ రికార్డు అట్ట మీది ఫోటో చూడవలసిందే. వెనుక నలుపు తెలుపు చారలు. నల్ల సూట్లు తొడుక్కున్న అయిదుగురు మగవాళ్లు నవ్వుతూ ఉంటారు. మధ్యలో తెల్ల గౌనుతో నడుము మీద చేతులు పెట్టుకుని డెబ్బీ నిలబడి ఉంటుంది. ఆమె నవ్వదు. పెళ్లి ఫోటోల్లో "కాస్త నవ్వమ్మా" అని ఆడపిల్లకే కదా మనవాళ్లు చెప్పేది!

ఇక చిక్కు ఇక్కడే వచ్చింది. జనం ఆమెనే బ్లాండీ అనుకున్నారు. తక్కిన అయిదుగురూ ఎవరికీ కనబడకుండా పోయారు. చివరికి "బ్లాండీ ఈజ్ ఎ గ్రూప్" అని, అంటే బ్లాండీ ఒక బృందం సుమా అని, బ్యాడ్జీలు వేయించి పంచవలసి వచ్చింది. పోపు ఘుమఘుమ వీధి చివరి దాకా వెళుతుంది. పప్పు ఉడికిన సంగతి ఎవరికి తెలుస్తుంది?

అయితే నష్టం మగవాళ్లకే జరిగిందనుకోకండి. ఆమె ముఖాన్ని అందరూ చూశారు గాని, పాటలు రాసిన చేతిని ఎంతమంది తలచుకున్నారు? పేరు మోసిన మనిషి కూడా సగమే కనబడింది.

1982లో బృందం విడిపోయింది. స్టైన్‌కు ఒళ్లంతా పొక్కులు లేచే పెంఫిగస్ అనే ప్రాణాంతక వ్యాధి వచ్చింది. సంపాదన తగ్గి, పేరు మరుగున పడుతున్న ఆ రోజుల్లో డెబ్బీ అతనికి సేవ చేసింది. తర్వాత వాళ్ల దారులు వేరయినా స్నేహం చెడలేదు. 1997లో బృందం మళ్లీ కలిసింది. 1999లో "మరియా" అనే పాట బ్రిటన్‌లో మొదటి స్థానం పొందేనాటికి ఆమెకు 53 ఏళ్లు!

అన్నీ శుభంగానే ముగిశాయా అంటే, లేదు. పునఃకలయికలో పాతవాళ్లందరికీ చోటు దొరకలేదు. 2006లో రాక్ సంగీత ప్రముఖుల సభలో బృందానికి సన్మానం జరిగినప్పుడు, తమను కూడా వాయించనివ్వమని పాత సభ్యుడొకరు వేదిక మీదనే అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. మాది బృందం అని బ్యాడ్జీలు పంచినవాళ్ల మధ్యనే ఇదీ జరిగింది. 2024లో అమెరికా జాతీయ గ్రంథాలయం ఆ రికార్డును భద్రపరచదగిన వాటి జాబితాలో చేర్చింది. అందులో ఆరుగురి పనీ ఉంది.

మన ఇళ్ల సంగతి దీనికి తలకిందులు. "ఫలానా వారి ఇల్లు" అని పేరు ఆయనది, పని ఇంటిల్లిపాదిదీ. పేరు మనకు వచ్చినా, ఇంకొకరికి వచ్చినా, పక్కన నిలబడి పనిచేసిన వాళ్లను నోరారా పేరు పెట్టి చెప్పుకుందాం. అందుకు బ్యాడ్జీలు అక్కర్లేదు గదా!