స్మార్ట్‌డ్రైవ్ వేసినవా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మా అందరికీ సీటీసీయే. 1999లో అక్కడొక కంప్యూటర్ షాపులో పనికి కుదిరాను. క్యాబినెట్‌లో బోర్డు బిగించడం వారంలో వచ్చేసింది. లోడింగ్ రావడానికి ఏడాది పట్టింది. లోడింగ్ అంటే హార్డ్‌డిస్క్‌కు ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కించి, డ్రైవర్లు వేసి కస్టమర్ చేతికివ్వడం. చూసేవాళ్లకు అది తెర ముందు ఊరికే కూర్చోవడంలా ఉండేది. కానీ అదొక విద్య. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మా సీనియర్ అన్న విండోస్ 95ను ఫ్లాపీల మీద ఎక్కించిన తరంవాడు. 1995 ఆగస్టు 24న విడుదలైన ఆ విండోస్, సీడీ డ్రైవ్ లేనివాళ్ల కోసం 13 ఫ్లాపీల కట్టగా కూడా వచ్చింది. మామూలుగా 1.44 ఎంబీ పట్టే ఫ్లాపీలో 1.68 ఎంబీ కుక్కారు. ‘తర్వాతి డిస్క్ పెట్టండి’ అని అడిగిన ప్రతిసారీ మనిషి అక్కడ ఉండాల్సిందే. ఆపై పరికరాలను వెతికే దశ. అక్కడ పని ఎంతైందో చూపే గీత కదలకుండా నిలిచిపోతే కీబోర్డు ముట్టొద్దని, పవర్ తీసేసి మళ్లీ ఆన్ చేయమని అన్న చెప్పేవాడు. సెటప్ తాను చేయబోయే పనిని డెట్‌క్రాష్.లాగ్ అనే ఫైల్లో ముందే రాసుకునేది. మళ్లీ లేచాక అది చూసుకుని, తనను పడగొట్టిన మెట్టును దాటేసి ముందుకు పోయేది. ఎంత ముందుచూపున్న ఏర్పాటు అది!

విండోస్ 98 నాటికి మా పని సీడీతోనే. మేం సీడీలోని ఫోల్డర్‌ను ముందు డి డ్రైవ్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచే సెటప్ నడిపేవాళ్లం. గీతలు పడ్డ సీడీ మధ్యలో మొరాయించే భయం ఉండేది కాదు.

2002లో ఒక సాయంత్రం మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమస్తాగారు సీపీయూ సంచిలో పెట్టుకుని వచ్చారు. ఎక్స్‌పీ కావాలి, రాత్రి బస్సుకు వెళ్లిపోవాలి. పాత మెషిన్ కాబట్టి సీడీ నుంచి బూట్ కాదు. 98 బూట్ ఫ్లాపీతో డాస్‌లోకి వెళ్లి, డి డ్రైవ్‌లోని ఐ386 ఫోల్డర్ నుంచి సెటప్‌ను మొదలుపెట్టే విన్‌ఎన్‌టీ కమాండ్ కొట్టాను. స్మార్ట్‌డ్రైవ్ ఉంటే పని త్వరగా అవుతుందని సెటప్ తెర మీదే చెప్పింది. నేను చదవకుండా ఎంటర్ కొట్టాను. పసుపు గీత చీమ నడకన సాగింది. బస్సు పోయింది. ఆయన షాపులోనే అట్టపెట్టెలు పరుచుకుని పడుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున అన్న వచ్చి తెర చూస్తూనే అడిగాడు: “స్మార్ట్‌డ్రైవ్ వేసినవారా తమ్మీ?”

డాస్ ఒక్కో చిన్న ఫైలుకూ డిస్క్ మీద చోటు వెతికి, రాసి, పట్టికలో ఎక్కించి, మళ్లీ మొదటికి వెళ్తుంది. అలాంటి ఫైళ్లు వేలల్లో ఉన్నాయి. స్మార్ట్‌డ్రైవ్ కొంత ర్యామ్ తీసుకుని ఆ రాతలన్నిటినీ పోగుచేసి ఒకేసారి డిస్క్‌కు అప్పజెబుతుంది. 98 బూట్ ఫ్లాపీలో అది ఉండదు, మనమే వేసుకోవాలి. అన్న తన ఫ్లాపీతో మళ్లీ మొదలుపెట్టాడు. గుమస్తాగారు ముఖం కడుక్కుని, ఇడ్లీ తిని వచ్చేసరికి కాపీ అయిపోయింది.

అక్కడితో తీరదు. ఎక్స్‌పీ ‘ఇంకా 39 నిమిషాలు’ అని చూపించి, మధ్య మధ్య ఆగి భాష, పేరు, కీ, నెట్‌వర్క్ అడిగేది. జవాబు చెప్పేవాడు లేకపోతే గంటైనా అలాగే నిలబడేది. మా పనిలో సగం కాలం మెషిన్ నెమ్మదితనం వల్ల కాదు, ఇలా అది మాకోసం కాచుకుని ఉండటం వల్లే పోయిందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ జవాబులన్నీ ముందే విన్‌ఎన్‌టీ.సిఫ్ అనే ఫైల్లో రాసి ఫ్లాపీలో పెట్టవచ్చని తర్వాత నేర్చుకున్నాం. ఒక మెషిన్‌ను సిద్ధంచేసి దాని అచ్చును మిగతావాటిలో పోసే ఘోస్ట్ అనే ప్రోగ్రామ్ కూడా మా చేతికొచ్చింది. 2007లో విస్టా ఆ దారినే పట్టింది: ఫైళ్లను ఒక్కొక్కటిగా కాక మొత్తం అచ్చుగా దింపింది, ప్రశ్నలను మొదటికీ చివరికీ జరిపింది.

ఆ సిఫ్ ఫ్లాపీలు మొదటిసారి వాడింది ఒక కాలేజీ ల్యాబ్‌లో. నాలుగు సిస్టంలు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో సీడీ, ఫ్లాపీ వేసి వదిలాం. ఏదీ ఏమీ అడగలేదు. టీ తాగొద్దాం పద అన్నాను. అన్న లేవలేదు.

“ఆఖరిది అయ్యేదాక కూసుందాం తమ్మీ” అన్నాడు.

నేనూ స్టూలు లాక్కున్నాను.