కలవారింటి గారాల బిడ్డ

శరత్ బాబు నవలలను తెలుగువాడెవరో రాశాడనుకొని చదివిన తరం మనది. ఆ శరత్ 1876లో పుట్టాడు. అంతకు సుమారు ఇరవయ్యేళ్ళ ముందే వంగదేశంలో కడుపుబ్బ నవ్వించే నవల ఒకటి వచ్చింది. పేరు "ఆలాలేర్ ఘరేర్ దులాల్", అంటే కలవారింటి గారాల బిడ్డ. టేక్‌చంద్ ఠాకూర్ అనే మారుపేరుతో దీన్ని రాసినవాడు ప్యారీచాంద్ మిత్ర (1814-1883). ఆయన కలకత్తా పబ్లిక్ లైబ్రరీలో లైబ్రేరియన్. ఎగుమతి దిగుమతుల వ్యాపారం కూడా చేశాడు. అందుకే కాబోలు, డబ్బు ఏ దారిన వస్తుందో, ఏ దారిన పోతుందో ఆయనకు బాగా తెలుసు.

కథ బైద్యబాటి గ్రామంలోని బాబురాం బాబు ఇంట్లో మొదలవుతుంది. ఆయన కచేరీల్లో ఉద్యోగం చేసి, లంచాలు మరిగి, బాగా వెనకేసినవాడు. పెద్దకొడుకు మతిలాల్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనడానికి వీల్లేదు. పారశీ చెప్పడానికొచ్చిన మున్షీగారి గడ్డం మీద వాడు నిప్పు పడేస్తాడు! చదువుకని కలకత్తా పంపితే జట్టుకట్టి తిరిగి పోలీసులకు దొరుకుతాడు. అప్పుడు తండ్రి చేసిన పనేమిటి? ఠక్ చాచా అనే జిత్తులమారిని పట్టుకొని, దొంగసాక్ష్యాలు చెప్పించి విడిపించుకొస్తాడు. నన్నడిగితే ఆస్తి కరగడం మొదలైంది ఆ రోజే.

ఈ ఠక్ చాచాయే పుస్తకానికి ప్రాణం. పారశీ మాటలు కలిపి అతను మాట్లాడుతుంటే మన గిరీశం గుర్తుకు రాక మానడు. గిరీశం మాత్రం మరో నలభై ఏళ్ళకు గాని అచ్చులోకి రాలేదనుకోండి.

తండ్రి పోయాక మతిలాల్ గద్దె ఎక్కాడు. చుట్టూ భజనపరులు. రాత్రింబవళ్ళు విందులు, వినోదాలు. ఆ మీదట ఏమీ తెలియని వ్యాపారంలోకి దిగి అప్పులపాలయ్యాడు. బుద్ధి చెప్పబోయిన తల్లిని అవమానిస్తే, ఆమె కూతురిని వెంటబెట్టుకొని ఇల్లు విడిచింది. బుద్ధిమంతుడైన తమ్ముడు రాంలాల్‌ను గడప తొక్కవద్దన్నాడు. చివరకు అప్పులవాళ్ళు వచ్చి ఇల్లు స్వాధీనం చేసుకుంటే, మిగిలిన ఆడవాళ్ళు వీధిన పడ్డారు.

ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది. నేను చదివింది 1893లో ఆస్వెల్ అనే దొర చేసిన ఇంగ్లీషు అనువాదం. అందులో కూడా ఆ ఘట్టం మనసును పట్టుకుంటుంది. ఆస్తి ఎలా వచ్చిందో, ఎలా పోతోందో ఎవరూ ఆ ఆడవాళ్ళను అడగలేదు. పోయాక కష్టం మాత్రం వాళ్ళది.

ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఈ నవల మొదట వచ్చింది "మాసిక్ పత్రిక"లో. ఎవరెస్టు శిఖరం ఎత్తు లెక్కకట్టిన రాధానాథ్ సిక్‌దార్‌తో కలిసి మిత్ర 1854లో ఆ పత్రికను పెట్టాడు. అది పండితుల కోసం పెట్టింది కాదు, సామాన్యుల కోసం, ముఖ్యంగా స్త్రీల కోసం. అందుకే సంస్కృత సమాసాలు పక్కనపెట్టి, ఇంట్లో బజారులో వినిపించే భాషకు దగ్గరగా రాశాడు. ఆ తీరుకు "ఆలాలీ భాష" అన్న పేరే పడిపోయింది. 1858లో పుస్తకంగా వచ్చింది.

మన కందుకూరి వారి "రాజశేఖర చరిత్రము" 1878లో మొదలైంది. అందులోనూ ధవళేశ్వరంలోని ఓ కలిగిన కుటుంబం ముఖస్తుతులకు లొంగి చితికిపోతుంది. అయితే అక్కడ భాష గ్రాంథికం, ఆస్తి పోగొట్టుకున్నవాడు మంచివాడు. మతిలాల్ మీద జాలిపడటం అంత తేలిక కాదు.

ఠక్ చాచాకు చివరకు ద్వీపాంతరవాస శిక్ష పడుతుంది. మతిలాల్ కాశీ చేరి, సత్సాంగత్యంతో మారి, తల్లినీ చెల్లెలినీ తమ్ముణ్ణీ కలుసుకొని ఊరికి తిరిగొస్తాడు. ఆ మార్పు కాస్త తొందరగా జరిగినట్టే నాకు తోచింది. తల్లి మాత్రం కొడుకును చూడగానే క్షమించేసింది.