వేట ప్రవేశ హక్కు (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేటగాడు ఏ భూమిలోకి, ఎవరి అనుమతితో వెళ్ళి వేటాడవచ్చు అనే విషయాన్ని నిర్ణయించే చట్టాలు, ఆచారాలు, ఒప్పందాలు వేట ప్రవేశ హక్కు కిందికి వస్తాయి. అక్కడి న్యాయ సూత్రం ప్రకారం స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువు భూయజమాని సొత్తు కాదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రజల తరపున ధర్మకర్తగా వన్యప్రాణులను నిర్వహిస్తుంది. కాని ఆ జంతువు తిరిగే నేలకు యజమాని ఉంటాడు. అందువలన వేట లైసెన్సు ఉన్నంత మాత్రాన ఎక్కడైనా వేటాడే వీలు కలగదు. ఆ భూమిలో అడుగుపెట్టడానికి న్యాయమైన దారి కూడా ఉండాలి.

చరిత్ర

ఇంగ్లాండులో 1671 నాటి చట్టం వేటను తగినంత భూ ఆదాయం కలవారికే పరిమితం చేసింది. ఈ అర్హత నియమం 1831లో రద్దయింది. అమెరికాలో స్థిరపడినవారు ఇందుకు భిన్నమైన మార్గం ఎంచుకున్నారు. కంచె లేని భూములలో వేటాడే స్వేచ్ఛను వెర్మాంట్ తన 1777 రాజ్యాంగంలోనే చేర్చింది. కంచె వేయని, సాగు చేయని భూమిలో వేటాడడం ప్రజల హక్కు అని 1818లో దక్షిణ కరోలినా న్యాయస్థానం మెక్‌కానికో - సింగిల్టన్ కేసులో తీర్పు చెప్పింది. తరువాతి కాలంలో కంచెలు, సాగు పెరిగిన కొద్దీ అతిక్రమ ప్రవేశ చట్టాలు కఠినమయ్యాయి.

ప్రభుత్వ భూములు

బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అధీనంలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు, అటవీ సేవా సంస్థ అధీనంలో సుమారు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ప్రత్యేకంగా మూసివేస్తే తప్ప ఈ భూములు వేటకు తెరిచి ఉన్నట్లే భావించాలని 2019లో వచ్చిన డింగెల్ చట్టం పేర్కొన్నది. లైసెన్సు, వేట కాలం, వేటాడదగిన జంతువుల సంఖ్య వంటివి మాత్రం సాధారణంగా ఆయా రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. జాతీయ ఉద్యానవనాలలో చాలా వరకు వేట నిషిద్ధం.

ప్రైవేటు భూములు

టెక్సాస్ రాష్ట్రంలో భూమిలో అత్యధిక భాగం ప్రైవేటు వ్యక్తులదే. అక్కడ వేటగాళ్ళు భూయజమానికి కౌలు చెల్లించి వేటాడడం పరిపాటి. కొన్ని రాష్ట్రాలలో యజమాని "ప్రవేశం నిషేధం" అనే పలక పెట్టాలి. టెక్సాస్, మిస్సోరీ వంటి రాష్ట్రాలలో చెట్లకు, కంచె స్తంభాలకు పూసిన ఊదారంగు గీత కూడా ఆ పలకతో సమానం. మోంటానా 1985లో ప్రారంభించిన బ్లాక్ మేనేజ్‌మెంట్ పథకం కింద తమ భూములలో వేటకు అనుమతించే రైతులకు రాష్ట్రం కొంత సొమ్ము చెల్లిస్తుంది. కాన్సాస్‌లో ఇటువంటి పథకం 1995లో మొదలైంది.

గళ్ళ భూముల వివాదం

1862 నాటి పసిఫిక్ రైల్వే చట్టం ప్రకారం రైలు మార్గానికి ఇరువైపులా బేసి సంఖ్యల సెక్షన్లు రైల్వే సంస్థలకు ఇచ్చి, సరి సంఖ్యల సెక్షన్లను ప్రభుత్వం అట్టిపెట్టుకుంది. ఒక సెక్షన్ అంటే ఒక చదరపు మైలు, అనగా 640 ఎకరాలు. ఫలితంగా వ్యోమింగ్ వంటి రాష్ట్రాలలో భూమి చదరంగపు బల్లవలె గళ్ళుగా మారింది. ఒక ప్రభుత్వ గడి నుండి మరొక ప్రభుత్వ గడికి వెళ్ళాలంటే రెండూ కలిసే మూల వద్దనే దాటాలి. దీనినే కార్నర్ క్రాసింగ్ అంటారు. మూల దాటితే తప్ప చేరలేని ప్రభుత్వ భూమి పశ్చిమ రాష్ట్రాలలో 83 లక్షల ఎకరాలు ఉంటుందని 2022లో ఒక అంచనా వెలువడింది.

2021లో వ్యోమింగ్‌లోని ఎల్క్ పర్వతం వద్ద నలుగురు వేటగాళ్ళు ప్రైవేటు నేలను తాకకుండా నిచ్చెన సాయంతో మూల దాటారు. పక్క గడుల యజమాని తన భూమిపై ఉన్న గగనతలాన్ని వారు అతిక్రమించారని వాదించాడు. 2022లో జ్యూరీ వారిని క్రిమినల్ నేరం నుండి విముక్తులను చేసింది. యజమాని వేసిన సివిల్ దావాలో 2023లో ఫెడరల్ జిల్లా న్యాయస్థానం వేటగాళ్ళ పక్షాన నిలిచింది. ప్రభుత్వ భూములకు దారి మూయరాదనే 1885 నాటి చట్టాన్ని ఆధారం చేసుకొని, 2025 మార్చిలో పదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును ఖరారు చేసింది. రాష్ట్ర చట్టం దీనిని అతిక్రమణగా భావించినా ఫెడరల్ చట్టమే చెల్లుతుందని వివరించింది. 2025 అక్టోబరులో సుప్రీం కోర్టు ఈ కేసును విచారణకు స్వీకరించలేదు.

ఈ తీర్పు వ్యోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సాస్, ఓక్లహోమా రాష్ట్రాలకు వర్తిస్తుంది. గళ్ళ భూములు ఎక్కువగా ఉన్న మోంటానా ఆ న్యాయస్థాన పరిధిలోకి రాదు కనుక అక్కడ ఈ తీర్పుకు కట్టుబడవలసిన అవసరం లేదు.