ఒంటరిగా ఆశ్రయం కోరి వచ్చే బాలలు

తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని తోడు లేకుండా స్వదేశం విడిచి, పరదేశంలో రక్షణ కోరే పద్దెనిమిదేళ్లలోపు వారిని ఒంటరి శరణార్థి బాలలు అంటారు.

టిబెట్ బాలలు

మన దేశంలో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ టిబెట్ పిల్లలు. 1959లో దలైలామా భారతదేశానికి వచ్చారు. 1960 మే నెలలో ఆయన అక్కగారైన త్సెరింగ్ డోల్మా ఆధ్వర్యంలో ధర్మశాలలో 51 మంది పిల్లలతో ఒక శిశు సంరక్షణాలయం ఆరంభమైంది. అదే కాలక్రమంలో టిబెటన్ బాలల గ్రామంగా ఎదిగింది. తరువాతి దశాబ్దాలలో టిబెట్‌లోని ఎందరో తల్లిదండ్రులు తమ బిడ్డలను దారి తెలిసినవారికి అప్పగించి, హిమాలయాలు దాటించి, నేపాల్ మీదుగా పంపారు. వారిలో అనేకులు ఆ సంస్థ నీడలోనే చదువుకున్నారు. మన రాష్ట్రంలోని బైలకుప్పెలోనూ దాని పాఠశాల ఉన్నది.

చట్టం

1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. అయితే ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికను 1992లో అంగీకరించింది. తోడు లేని శరణార్థి బిడ్డకు రక్షణ కల్పించాలని, కుటుంబాన్ని వెదకడానికి తోడ్పడాలని దాని 22వ అధికరణం చెబుతుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సైతం బాలలు అనే పదాన్ని వయసును బట్టే నిర్వచించింది, పౌరసత్వాన్ని బట్టి కాదు.

మన కర్తవ్యం

దేశ సరిహద్దు మనకు దూరమే. రాష్ట్ర సరిహద్దు మాత్రం మన పొలం గట్టునే ఉన్నది. జహీరాబాదు వైపు నుండి గాని, మహారాష్ట్ర వైపు నుండి గాని వచ్చి బీదర్ స్టేషనులో దిగిన ఒంటరి బిడ్డకూ ఈ చట్టమే వర్తిస్తుంది.

అట్టి బిడ్డ కనబడితే 1098కి గాని, పోలీసులకు గాని తెలపాలి. ప్రయాణ కాలం మినహా 24 గంటలలోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. తెలపకపోవడం నేరం, ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బిడ్డది వేరే జిల్లా అయితే, అక్కడి సమితిని సంప్రదించి పంపిస్తారు. ఆడపిల్ల అయితే మహిళా పోలీసు వెంట వెళ్లాలి.

జాలితోనైనా బిడ్డను ఇంట ఉంచుకొనరాదు. పిల్లలు లేనివారికి పెంపకానికి ఇవ్వరాదు. బంధువులమని వచ్చినవారికి నేరుగా అప్పగించరాదు. సమితి వద్దకే పంపాలి.

మన ప్రాంతంలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు కలగలిసి ఉన్నాయి. ఒక భాషలో చెప్పిన ఊరిపేరు మరొక భాషలో రాసేసరికి మారిపోవచ్చు. కనుక ఊరి పేరు, తల్లి పేరు, బడి పేరు బిడ్డ పలికినది పలికినట్లే కాగితంపై రాసి అధికారులకు ఇవ్వండి. ఆ బిడ్డను ఇల్లు చేర్చే ఆధారం అదే కావచ్చు.