హిమానీనదం దారిలో రాగి గని

అలాస్కాలోని మెకార్తీ, కెన్నెకాట్ ప్రాంతం గురించి వచ్చే యాత్రారచనలకు ఒక మూస ఏర్పడింది. పొద్దున్నే పాడుబడిన గని ఊళ్ళో బయల్దేరడం, సుమారు 2 మైళ్ళు నడిచి రూట్ హిమానీనదం చేరడం, బూట్లకు ఇనుపముళ్ళు తగిలించుకుని నీలిమంచు మీద తిరగడం, సాయంత్రానికి వెనక్కి రావడం. మంచుకు పేజీలు, ఊరికి ఒక పేరా. ఆ పేరాలో 14 అంతస్తుల ఎర్రటి మిల్లు శిథిల సౌందర్యంగా మాత్రమే కనిపిస్తుంది. హంపీ గురించి రాసేటప్పుడు దాన్ని ఎవరు కూల్చారనైనా అడుగుతాం. ఇక్కడ ఎవరూ కూల్చలేదు, ఖాతా మూసేశారంతే.

ఆ ఖాతా సంగతి చూద్దాం. అక్కడి ఆట్నా ప్రజలు తెల్లవాళ్ళు రాకముందే రాగితో కత్తులు, బాణపు ములుకులు చేసుకునేవారు. వాళ్ళ నాయకుడు నికొలాయ్ 1899లో తన రాగి చోటును అన్వేషకులకు చూపించాడు. మరుసటి ఏడు స్మిత్, వార్నర్ అనే ఇద్దరికి కొండమీద ఆకుపచ్చని మచ్చ కనిపించింది. పచ్చిక కావచ్చుననుకున్నారు, తీరా అది రాగి. స్టీఫెన్ బర్చ్ అనే యువ ఇంజనీరు హక్కులు కొన్నాడు. మోర్గాన్, గుగ్గెన్‌హైమ్ కుటుంబాల పెట్టుబడి దిగింది. కొర్డోవా రేవు నుంచి 196 మైళ్ళ రైలుమార్గం వేశారు. ‘నడవలేదు, ఎన్నటికీ నడవదు’ అని జనం దాని పొడి అక్షరాలకు వెక్కిరింపు అర్థం చెప్పుకున్నారు. 1911లో నడిచింది.

పేరు విషయం తెలుగు పంతుళ్ళకు ఆసక్తి కలిగిస్తుంది. హిమానీనదం పేరు కెన్నికాట్. 1866లో అలాస్కాలోనే చనిపోయిన ప్రకృతి శాస్త్రజ్ఞుడి పేరది. కంపెనీ కాగితాల్లో గుడి పోయి ఎత్వం వచ్చింది. ఆ రాతతప్పే మిల్లుకూ ఊరికీ, తర్వాత ప్రపంచపు రాగి మార్కెట్‌లో ఒక పెద్ద సంస్థకూ పేరైంది. నికొలాయ్ పేరు మాత్రం చరిత్రకారుల పేజీల్లోనే తప్ప సామాన్య యాత్రికుడి నోట వినబడదు.

మిల్లు ఎదుట లోయనిండా బూడిదరంగు రాళ్ళగుట్టలు కనిపిస్తాయి. అది గని చెత్త అని కొత్తవాళ్ళు పొరబడతారు. నిజానికి అది హిమానీనదం మోసుకొచ్చిన రాతిపొడి, దాని కింద మంచే ఉంది. పాత ఛాయాచిత్రాల్లో ఆ మంచు ఇప్పటికంటే ఎంతో ఎత్తున ఉంది. ప్రకృతి కుప్పను కంపెనీకి అంటగట్టే కన్ను, కంపెనీ మిగిల్చిన అసలు కుప్పను చూడదు. ఎందుకంటే అది అక్కడ లేదు. సుమారు 20 కోట్ల డాలర్ల రాగి 1938 నాటికి లోయ దాటిపోయింది. ఆ నవంబరులో చివరి రైలు వెళ్ళింది.

ఎక్కడికి దాటింది? 1915లో ఏర్పడిన కెన్నెకాట్ కాపర్ కార్పొరేషన్ చేతికి చిలీలోని ఎల్ తెనియెంతే గని కూడా వచ్చింది. 1945 జూన్ 19న ఆ గనిలో పొగకు ఉక్కిరిబిక్కిరై 355 మంది కార్మికులు చనిపోయారు. 1971లో అయెందే ప్రభుత్వం రాగిని జాతీయం చేస్తే, కంపెనీ మరుసటి ఏడు యూరపు కోర్టులకెక్కి చిలీ రాగిని అడ్డగించింది. ఇంకోపక్క, గుగ్గెన్‌హైమ్‌ల గని సంపదలోంచే 1925లో రచయితలకూ కళాకారులకూ పేరుమోసిన ఫెలోషిప్పులు పుట్టాయి. వాటిని తీసుకున్న కవిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పస్తులుండి రాయమనడం సులభం. కాని సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఆ డబ్బు పుట్టిన కొండను ఒక్కమాటైనా చెప్పాలి.

ఊళ్ళో ఆసుపత్రి, బడి, టెన్నిస్ కోర్టు ఉండేవి. సారా ఉండేది కాదు. దానికోసం మెకార్తీకి దిగేవాళ్ళు. పని వారానికి 7 రోజులు. మిల్లు ఊరిలో దాదాపు 300 మంది ఉంటే, గని కూలీలు 200 నుంచి 300 మంది పైన కొండమీది బసల్లోనే ఉండేవారు. 1998లో నేషనల్ పార్క్ సర్వీసు ఈ కట్టడాలను తీసుకుని బాగుచేయిస్తోంది. హిమానీనదం బాట దాదాపు చదునైనది, జనం అటే పోతారు. బొనాంజా గనికి వెళ్ళే దారి వేరే ఉంది, సుమారు 3,800 అడుగుల ఎక్కుడు.