పిల్లలకూ గమ్ ఉంటుంది

"బచ్చోంకు కాయ్‌కా ఫికర్? ఖానా, ఖేల్నా, సోనా!" అనేది మా నానీమా. నవ్వకండి. 1960ల దాకా యూరప్, అమెరికాల్లో పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలామంది ఇదే మాట అన్నారు. కాకపోతే దానికి ఇల్మీ లిబాస్ తొడిగారు. డిప్రెషన్ అంటే మనిషిని తన జమీరే లోపల్నుంచి నిందించడం, పిల్లల్లో ఆ జమీర్ ఇంకా పూర్తిగా తయారవదు, కాబట్టి వాళ్ళకు ఆ జబ్బు రాదు అని ఫ్రాయిడ్ బాటలో నడిచినవాళ్ళ లెక్క.

సుబూత్ లేక కాదు. 1946లోనే రెనే స్పిట్జ్ అనే డాక్టర్, శిక్ష పడిన ఆడపిల్లలను ఉంచే చోట వాళ్ళ పసిబిడ్డలను 123 మందిని గమనించి రాశాడు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో తల్లికి దూరమైన కొందరు బిడ్డలు మొదట ఊరికే ఏడ్చేవారు. తర్వాత ఆ ఏడుపూ ఆగిపోయేది. ముఖం తిప్పుకుని పడుకునేవారు, నిద్ర పట్టేది కాదు, బరువు తగ్గేవారు. కొన్ని నెలల్లోపే అమ్మీ తిరిగొస్తే తేరుకునేవారు.

1971లో స్టాక్‌హోమ్‌లో యూరప్ పిల్లల మానసిక వైద్యులు ఈ విషయం మీదే సభ పెట్టారు. 1973లో అమెరికా డాక్టర్ వారెన్ వైన్‌బర్గ్ బృందం, స్కూలు చదువులో ఇబ్బంది ఉందని పంపిన 72 మంది చిన్నపిల్లలను పరీక్షిస్తే 42 మందిలో డిప్రెషన్ కనిపించింది. ఈ లెక్క చదివినప్పుడు మా ఉర్దూ మీడియం స్కూల్లో వెనక బెంచీ దోస్త్ గుర్తొచ్చాడు. ఉస్తాద్ వాడికి పెట్టిన పేరు 'కామ్‌చోర్'. ఏడో తరగతి తర్వాత వాడు మళ్ళీ రాలేదు.

1987లో అమెరికా వైద్యుల నిర్ధారణ గ్రంథం ఇంకో మాట చేర్చింది: పిల్లల్లో, నౌజవానుల్లో ఉదాసీకి బదులు చిడ్‌చిడాపనే కనిపించవచ్చని. మన ఇళ్ళలో దానికి పేరు బద్‌తమీజీ. తర్బియత్ సరిగా లేదని తిట్లు తల్లికి.

"నీకేం తక్కువ చేశాం?" అని అడుగుతాం కదా. 934లో వఫాత్ అయిన అబూ జైద్ అల్-బల్ఖీ, శరీరం, నఫ్స్ రెంటి సేహత్ మీద ఒక కితాబ్ రాశాడు. అందులో హుజ్న్ రెండు రకాలన్నాడు: కారణం తెలిసేది, తెలియనిది. రెండోదాని మూలం శరీరంలోనే ఉందని, ఇలాజ్ కూడా అక్కడే చేయాలని చెప్పాడు. ఆయన పిల్లల కోసం విడిగా రాశాడని నేననను. కానీ సబబ్ కనిపించని గమ్‌ను నఖ్రా అనలేదు, ఈమాన్ కమ్‌జోరీ అనీ కొట్టిపారేయలేదు.

2004లో అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ళ 439 మంది మీద పరిశోధన ఫలితం వచ్చింది. మాటల ఇలాజ్, ఫ్లూఆక్సెటిన్ గోలీ రెండూ కలిపి ఇచ్చినవాళ్ళలో 12 వారాలకు 71 శాతం మంది మెరుగుపడ్డారు. ఉత్తుత్తి గోలీతో 35 శాతం. అదే ఏడాది అక్కడి సర్కార్, ఈ మందులతో కొందరు పిల్లల్లో చనిపోవాలనే ఖయాల్ పెరగవచ్చని మందు లేబుల్‌లో హెచ్చరిక వేయించింది. అందుకే ఇది డాక్టర్ నజర్‌లో వాడాల్సిన మందు, మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేసేది కాదు.